లేఫెంగ్ పగోడా: లిఫ్టు ఎక్కే ముందు కిందకి చూడండి (అపోహలు - వాస్తవాలు)

చైనాలోని హాంగ్‌జౌ నగరంలో, షీహూ సరస్సు దక్షిణ గట్టున గుట్ట మీద నిలబడి ఉంటుంది లేఫెంగ్ పగోడా. 2002 అక్టోబరు 25న దీన్ని ప్రారంభించారు. అంటే హైదరాబాద్ సైబర్ టవర్స్ కన్నా నాలుగేళ్లు చిన్నది. షాంఘై నుంచి హైస్పీడ్ రైల్లో గంట దూరమే కనుక పని మీద వెళ్లిన మనవాళ్లు కూడా ఒక పూట ఇటు వస్తుంటారు. అంతకుముందే ఎవరో చెప్పిన మాటలు నమ్మి ఆ పూట సగం పోగొట్టుకుంటుంటారు.

అపోహ: అసలుది పోయింది, ఇది కాంక్రీటు నకలు. చూడటానికేం లేదు.

కాంక్రీటు మాట ముందు వదిలేయండి. 71 మీటర్లు దాటిన ఈ గోపురానిది ఉక్కు చట్రం, పైకప్పు పెంకులు రాగివి. నకలు అన్న నిందలో కొంత న్యాయం ఉంది గానీ, కట్టినవాళ్లు ఆ సంగతి దాచలేదు. లోపల లిఫ్టు పెట్టుకున్న కట్టడం పాతదాన్నని ఎలా చెప్పుకుంటుంది? దీని అసలు పని వేరు. పాత గోపురం కూలగా మిగిలిన ఇటుకల దిబ్బకు ఇది పట్టిన గొడుగు. ఆ దిబ్బ అడుగు అంతస్తులో అద్దాల వెనక ఉంది. జనం తిన్నగా లిఫ్టు దగ్గరికి పరుగెత్తి, పైన ఫోటోలు దిగి, తిరిగి వచ్చేటప్పుడు దాని మీద ఓ చూపు పడేసి పోతారు. మీరు ముందు అక్కడ ఆగండి.

అక్కడ ఏం చూడాలో తెలియకపోతే అది ఉట్టి రాళ్లకుప్పే. మొదట ఎనిమిది పలకల పునాది అంచును కళ్లతో పట్టుకోండి. తర్వాత ఇటుకలు. పాత గోపురానికి వాడినవాటిలో కొన్నిటికి ఒక రంధ్రం ఉండేది, అందులో అచ్చువేసిన ధారణీ సూత్రం (బౌద్ధుల రక్షా మంత్రపాఠం) కాగితపు చుట్టగా చుట్టి పెట్టారు. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన ఊయె రాజ్యపు రాజు చియెన్ చు 975లో ఇలాంటివి 84,000 ప్రతులు వేయించానని ఆ కాగితం మీదే చెప్పుకున్నాడు. ఆ అంకె ఊరికే రాలేదు. అశోకుడు 84,000 స్తూపాలు కట్టించాడన్న కథను అనుసరించాడు. అద్దం మీద వెలుతురు మెరిసి ఫోటో పాడవుతుంది, ఫ్లాష్ ఆపి ఫోను అద్దానికి ఆనించి తీయండి. శిథిలాల మీదికి చిల్లర విసిరేవాళ్లుంటారు, వాళ్లను చూసి మీరు మొదలుపెట్టకండి.

అపోహ: పేరులోనే పిడుగు ఉంది, పిడుగు పడే కూలింది.

"లేయ్" అంటే ఉరుమే, కానీ లేఫెంగ్ ఆ గుట్ట పేరు. 16వ శతాబ్దంలో సముద్రపు దొంగలు నిప్పు పెడితే చెక్క చూరులు కాలి, ఇటుక మొండెం మిగిలింది. అది ఇంకో మూడున్నర శతాబ్దాలు అలాగే నిలిచింది. దాన్ని పడగొట్టింది భక్తి. ఆ ఇటుక పొడి రోగాలు మాన్పుతుందని, గర్భం నిలుపుతుందని అడుగు నుంచి ఒక్కొక్కటిగా పీక్కుపోయారు. 1924 సెప్టెంబరు 25 మధ్యాహ్నం మొత్తం కుప్పకూలింది. మన అమరావతి మహాస్తూపం ఇటుకలు, పాలరాళ్లు 18వ శతాబ్దం చివర్లో కొత్త ఊరి కట్టడాలకు తరలిపోయిన సంగతి తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచదు.

అపోహ: బుద్ధుడి కేశం గోపురంలోనే ఉంది, దర్శనం చేసుకోవచ్చు.

పగోడా స్తూపం నుంచే పుట్టింది. భట్టిప్రోలులో ధాతు పేటికలు (పవిత్ర అవశేషాలు దాచిన పెట్టెలు) దొరికినట్టే ఇక్కడా నేల కింద గది ఉంది. 2001 మార్చిలో దాన్ని తెరిస్తే ఇనప పెట్టెలో బంగారు పూత వేసిన వెండి స్తూపం కనిపించింది. బుద్ధుడి కేశధాతువు అందులో ఉందని నమ్మకం. ఆ స్తూపం ఇప్పుడు జెజియాంగ్ ప్రాంతీయ మ్యూజియం సొత్తు. ఆ మ్యూజియానికి నగరంలో ఒకటికి మించి భవనాలున్నాయి, సోమవారం సెలవు. ఏది ఎక్కడ ప్రదర్శిస్తున్నారో ముందే కనుక్కోండి.

గోపురం కింద తెల్ల పామును బంధించారన్న చైనా జానపద కథ మాత్రం లోపల చెక్క శిల్పాలుగా ఉంది. తవ్వకాల్లో పాము దొరకలేదు లెండి.

అపోహ: పెద్దవాళ్లు ఎక్కలేరు.

గేటు నుంచి పునాది దాకా ఎస్కలేటరు, లోపల లిఫ్టులు ఉన్నాయి. లిఫ్టులో పైకి వెళ్లి, ఓపికుంటే ఒక్కో అంతస్తూ చూస్తూ మెట్ల మీదుగా దిగండి. అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు, అప్పుడు మాత్రం పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు, లిఫ్టు వరసే అలసట తెప్పిస్తుంది. పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి, చైనాలో డబ్బు చెల్లించే యాప్ అలీపేలో కార్డు ముందే జతచేసుకోండి. గూగుల్ మ్యాప్స్ చైనాలో స్థానాన్ని కొన్ని వందల మీటర్లు పక్కకు చూపించగలదు. చైనా లిపిలో రాసిన పేరును ఫోనులో దాచుకుని డ్రైవరుకు చూపిస్తే తిప్పలుండవు.

అపోహ: ప్రసిద్ధమైన "లేఫెంగ్ సంధ్య" గోపురం పైనుంచి చూడాలి.

అది గోపురం మీద పడే సాయంకాంతి దృశ్యం. గోపురంలో నిలబడితే గోపురం కనిపించదు కదా! వేళ చూసుకుని దిగి, తూర్పు వైపున్న చాంగ్‌చియావ్ పార్కుకు చేరండి. అక్కడి నుంచి గోపురం వెనక పొద్దు గుంకుతుంది. పైనుంచి సరస్సును తీయాలంటే మధ్యాహ్నం మేలు: చూపు ఉత్తరానికి, ఎండ వీపుకు. ఎదురుగా అవతలి గట్టున సన్నగా కనిపించేది బావ్‌చు పగోడా. దానికి లోపల మెట్లు లేవు, ఎక్కుదామని అంత దూరం వెళ్లకండి.