అరికాళ్ళ మంటలు: ప్రీగాబలిన్, బీ12 ఒకే క్యాప్సూల్‌లోకి ఎలా వచ్చాయి

మా అమ్మ అర్ధరాత్రి లేచి తువ్వాలు తడిపి పాదాలకు చుట్టుకునేది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేది. "నిప్పుల మీద నిలబడ్డట్టుంది నాన్నా" అనేది. అదే మనిషికి పొద్దున వరండాలో నడుస్తుంటే ఒక కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. నాలుగడుగులు వేశాక, నేల చల్లగా తగిలితే కాదు, మేం చెబితేనే వెనక్కి తిరిగి చూసేది. షుగర్ ఉన్న ఇళ్ళలో ఈ రెండూ చూసినవాళ్ళు చాలామందే ఉంటారు.

డాక్టరు రాసిచ్చింది కూడా చాలామందికి తెలిసిందే. ప్రీగాబలిన్ 75 మిల్లీగ్రాములు, మిథైల్‌కోబాలమిన్, అంటే బీ12, 750 మైక్రోగ్రాములు, రెండూ కలిపిన ఒకే క్యాప్సూల్. మందుల షాపులో దాన్ని "నరాల బిళ్ళ" అంటారు. ఇబ్బంది ఆ పేరుతోనే మొదలవుతుంది. లోపలున్న రెండింటిలో ఒకటి నొప్పి మందు, రెండోది విటమిన్. రెండూ వేర్వేరు దారుల్లో, వేర్వేరు కాలాల్లో వచ్చినవి. ఏది ఏ పని చేస్తుందో తెలియకపోతే ఎంత నష్టమో మా ఇంట్లోనే చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు విటమిన్ సంగతి. అరికాళ్ళ మంటల గురించి వైద్యగ్రంథాల్లో తొలిరోజుల్లో రాసినవారిలో గ్రియర్సన్ ఒకరు. 1826లో, బర్మా యుద్ధం నాటి సైనికుల్లో ఆయన దీన్ని గమనించారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళకు, 1835లో, మాల్కమ్‌సన్ అనే వైద్యుడు బెరిబెరి మీద మద్రాసులో ఒక పుస్తకం అచ్చు వేయించారు. అందులో ముఖ్యంగా చెప్పింది ఉత్తర సర్కారుల గురించి, అంటే మన కోస్తా జిల్లాల గురించే. కాళ్ళు మొద్దుబారడం, నడవలేకపోవడం, చివరికి గుండె దెబ్బతినడం ఆ జబ్బు లక్షణాలు. అప్పటికి కారణం ఎవరికీ తెలియదు. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్ వైద్యుడు కోళ్ళకు పాలిష్ బియ్యం పెట్టి చూసి, తవుడులో ఏదో ఉందని దారి చూపారు. అదే తర్వాత బీ1 అయింది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో బెరిబెరి తక్కువగా ఉండి, పచ్చి బియ్యాన్ని మరపట్టించుకుని తినే సర్కారు జిల్లాల్లో ఎక్కువగా ఉండటానికి కారణం అప్పుడు తేలింది.

ఈ బెరిబెరి పరిశోధన కోసమే 1918లో కూనూరులో ఒక చిన్న ప్రయోగశాల పెట్టారు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చింది. తార్నాకలో మనం చూసే జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ సంస్థ హైదరాబాదుకు రాకముందే, 1946లో, డాక్టర్ సి. గోపాలన్ అరికాళ్ళ మంటల రోగులకు పాంటోథెనిక్ ఆమ్లం, అంటే బీ5 ఇచ్చి చూశారు. చాలామందికి మంటలు తగ్గాయి. ఈ బాధను వైద్యులు ఇప్పటికీ గ్రియర్సన్-గోపాలన్ సిండ్రోమ్ అంటారు. ఆ గోపాలన్ గారే 1960లలో హైదరాబాదు సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. తిండిలో లోపం వల్ల కూడా నరాలు మండుతాయని ఇంత దగ్గర్లో, ఇంత ముందే తేలిందన్నమాట.

బీ12 కథలోనూ ఒక తెలుగువాడు కనిపిస్తాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే కంపెనీలో పరిశోధన నడిపించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. పెర్నీషియస్ ఎనీమియా అనే ప్రమాదకరమైన రక్తహీనతలో అది ఇస్తే రక్తం పెరిగింది, ముఖంలో కళ వచ్చింది. కానీ ఒకటి రెండేళ్ళలోనే వైద్యులు ఇంకో విషయం చూశారు. రక్తం బాగుపడిన రోగుల్లోనే కొందరికి కాళ్ళ తిమ్మిర్లు, నడక తూలడం ఆగలేదు, సరికదా ముదిరాయి. అంటే రక్తానికి సరిపోయింది నరాలకు సరిపోలేదు. ఆ లోటు పూడ్చే పదార్థాన్ని 1948లో అమెరికాలో మెర్క్, బ్రిటన్‌లో గ్లాక్సో శాస్త్రవేత్తలు ఎర్రటి స్ఫటికాలుగా వేరు చేశారు. అదే బీ12. సుబ్బారావు గారు ఆ ఏడాదే కన్నుమూశారు. ఈ రోజుకీ బీ12 పరీక్ష చేయించకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడవద్దని చెప్పడానికి కారణం ఈ పాత అనుభవమే.

కరెంటు తీగకు పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరానికీ కొవ్వు పొర ఉంటుంది. అది సరిగా ఉండాలంటే బీ12 కావాలి. శరీరానికి రోజుకు అవసరమయ్యేది దాదాపు 2 మైక్రోగ్రాములే. మిథైల్‌కోబాలమిన్ రూపాన్ని నరాల మందుగా 1978లో మార్కెట్లోకి తెచ్చింది జపాన్. అక్కడి నుంచి మన దేశంలో ప్రతి వీధి చివరి షాపుకూ చేరింది.

నొప్పి మందు దారి పూర్తిగా వేరు. నరాల నొప్పికి మామూలు నొప్పి బిళ్ళలు పెద్దగా పనిచేయవు. ఎందుకంటే అక్కడ వాపూ దెబ్బా లేవు, నరమే తప్పుడు సంకేతాలు పంపుతోంది. అందుకే మూర్ఛ మందులూ, డిప్రెషన్ మందులూ ఈ పనికి వచ్చాయి. ముఖంలో కరెంటు షాకులా కొట్టే నొప్పికి 1962లో కార్బమజెపిన్ వాడి చూశారు. గాబాపెంటిన్‌కు అమెరికాలో 1993లో అనుమతి వచ్చింది మూర్ఛకే. అనుమతి లేని జబ్బులకు కూడా దాన్ని ప్రచారం చేశారన్న కేసులో, ఆ మందు కంపెనీ నేరం ఒప్పుకుని 2004లో 43 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అదే ఏడాది చివర్లో దాని తమ్ముడి లాంటి ప్రీగాబలిన్‌కు షుగర్ నరాల నొప్పికి అనుమతి దొరికింది.

ఇవి నరం చివర్లలో కాల్షియం రాకను తగ్గించి సంకేతాల జోరు తగ్గిస్తాయి. అంతేగాని నరాన్ని బాగుచేయవు. అందరికీ పనిచేయవు కూడా. గాబాపెంటిన్ మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో, షుగర్ వల్లో సర్పి వచ్చి తగ్గాకో ఉండే నొప్పి సగానికి తగ్గింది ప్రతి 10 మందిలో 3, 4 మందికే. మందు లేని ఉత్తుత్తి బిళ్ళతో 1, 2 మందికి తగ్గింది. మగత, తల తిరగడం, కాళ్ళ వాపు, బరువు పెరగడం మామూలే. పెద్దవాళ్ళు రాత్రి బాత్రూముకి లేచి పడిపోయే ప్రమాదం ఉంది. కిడ్నీ బలహీనంగా ఉంటే డోసు తగ్గించాలి. తగ్గిందనుకుని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరును అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

నాకు బాధ కలిగించే సంగతి ఇక్కడుంది. షుగర్‌కి ఎక్కువమంది వాడేది మెట్‌ఫార్మిన్. అది చిన్నపేగు చివర బీ12 ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుందని 1970ల నుంచే తెలుసు. నెదర్లాండ్స్‌లో నాలుగేళ్ళకు పైగా సాగి, 2010లో వెలువడిన అధ్యయనంలో మెట్‌ఫార్మిన్ వాడినవారి బీ12 సగటున 19 శాతం తగ్గింది. లివర్‌లో నిల్వలు ఉంటాయి కాబట్టి లోపం బయటపడటానికి ఏళ్ళు పడుతుంది. 2022లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. పైగా మనలో చాలామంది గుడ్డు కూడా తినరు, పరగడుపున గ్యాస్ బిళ్ళ వేసుకుంటారు. అది కూడా బీ12ని తగ్గించేదే. ఇలా వచ్చిన తిమ్మిర్లకీ, షుగర్ వల్ల వచ్చిన తిమ్మిర్లకీ పైకి తేడా కనిపించదు. రక్తపరీక్షలోనే తెలుస్తుంది.

విటమినే కదా అని ఎక్కువ వేసుకోవడం కూడా మంచిది కాదు. బీ12 మిగిలినా పెద్దగా హాని లేదు గానీ, బీ6 అలా కాదు. రోజుకు గ్రాముల లెక్కన బీ6 వాడి, పాదాల స్పర్శ పోయి నడవలేని స్థితికి వచ్చిన ఏడుగురి గురించి 1983లో అమెరికా వైద్యులు రాశారు. 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ పెద్దవాళ్ళకు రోజువారీ పరిమితి 12 మిల్లీగ్రాములని తేల్చింది. ఇంట్లో "నరాల బిళ్ళ"కు తోడు బీ కాంప్లెక్స్, ఇంకేదో పౌడరు కూడా నడుస్తుంటే, వాటి వెనక అచ్చు ఒకసారి చదివి బీ6 ఎంతో కూడి చూడండి.

అమ్మ మెట్‌ఫార్మిన్ పన్నెండేళ్ళు వాడింది, గ్యాస్ బిళ్ళ అయిదేళ్ళు. క్యాప్సూల్ రెండేళ్ళు నడిచింది. ఆ రెండేళ్ళలో బీ12 ఎంతుందో ఎవరూ చూడలేదు, మేమూ అడగలేదు. చివరికి వేరే డాక్టరు సన్నటి నైలాన్ పోగుతో పాదం మీద తొమ్మిది చోట్ల తాకించి, కళ్ళు మూసుకుని చెప్పమన్నారు. అమ్మ నాలుగు చెప్పింది. బీ12 పరీక్ష చేయించారు, చాలా తక్కువొచ్చింది. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. మూడు నెలలకు తడి తువ్వాలు అవసరం తగ్గింది, ప్రీగాబలిన్ డోసూ తగ్గించారు. స్పర్శ మాత్రం పూర్తిగా రాలేదు. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొన్నాం.