కలల గేముల్లో వింత జీవులు: అపోహలు, వాస్తవాలు, కాస్త చిరాకు

"అన్నా, ఉబోవాకి అసలు అర్థం ఏంటి?" ఉబోవా అంటే యుమే నిక్కీ అనే జపాన్ కలల గేములో కనబడే ఒక వింత జీవి. దాని గురించి ఈ ప్రశ్న ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. కొందరైతే అర్థం కూడా వాళ్లే చెప్పేసి, "కరెక్టే కదా?" అని మాత్రం అడుగుతారు. నేను చేసేది చిన్న పనే. కలల్లో తిరిగే గేములకి వింత జీవుల్ని గీస్తాను, అవి ఎలా నడవాలో, మనం దగ్గరికెళ్తే ఏం చేయాలో ఈవెంట్లు రాస్తాను. దాంతో ఈ రకం గేముల్లో దేని గురించి డౌట్ వచ్చినా నా దగ్గరికే వస్తుంది. విడివిడిగా జవాబులు రాసి రాసి విసుగొచ్చింది కాబట్టి అన్నీ ఒకేచోట రాసేస్తున్నా. యుమే నిక్కీ ఆడనివాళ్లు ముందు ఆడి రండి, 2018 నుంచి ఆన్‌లైన్ గేముల దుకాణం స్టీమ్‌లో ఉచితంగానే ఉంది. కింద అన్నీ స్పాయిలర్లే, అంటే ఆడకముందు తెలియకూడని సంగతులే.

అపోహ: ప్రతి జీవి వెనకా ఒక రహస్య అర్థం ఉంది, అది కనిపెడితేనే గేమ్ అర్థమైనట్టు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఆడేవాళ్లకీ నష్టమే, తయారు చేసేవాళ్లకి ఇంకా నష్టం. మిగతావి రెండు ముక్కల్లో తేల్చేస్తాను గానీ దీన్ని అంత తేలిగ్గా వదలను.

కికియామా అనే పేరుతో ఎవరో ఒకరు 2004లో జపాన్‌లో ఈ గేమ్ విడుదల చేశారు. 2007లో 0.10 వెర్షన్ దగ్గర అది ఆగిపోయింది. ఆ మనిషి ఎవరో ఇప్పటికీ తెలియదు, ఏ జీవి గురించీ వివరణ ఇవ్వలేదు. గేములో మాటలు దాదాపు లేవు. మనం ఆడించే అమ్మాయి మాడోట్సుకి తన గదిలో నిద్రపోతుంది, 12 తలుపులున్న చోటికి చేరుతుంది, అక్కడి నుంచి ఎటు వెళ్లినా ఏదో ఒకటి ఎదురవుతుంది. ఎదురైనవేవీ తామెవరో చెప్పవు. మనం వాడే పేర్లు కూడా చాలావరకు ఆటగాళ్లు పెట్టుకున్నవే. మనం పెట్టిన పేరునే ఆధారంగా చూపించి థియరీ కడితే, మనం రాసిన కాగితాన్నే మనం సాక్ష్యంగా కోర్టులో పెట్టినట్టు. అంతరిక్ష నౌకలో ఒంటరిగా పియానో వాయించుకునే ఆ సన్నటి మసాడాని చూడండి. ఒకరికి పాపం దిక్కులేని సంగీతం మాస్టారు, ఇంకొకరికి అనుమానించాల్సిన మనిషి. ఇద్దరూ చూసింది అవే పిక్సెళ్లు.

"మరి మోనోకో సంగతేంటి?" అంటారు వెంటనే. న్యాయమైన ప్రశ్న. మోనోకో నలుపు-తెలుపు లోకంలో నిలబడి ఉండే అమ్మాయి. సిగ్నల్ లైట్ ఎఫెక్ట్ (ఎఫెక్ట్ అంటే గేములో దొరికే, మాడోట్సుకి వేసుకునే రూపం లేదా వస్తువు) వేసుకుని ఎరుపు చూపిస్తే తన రూపం మారిపోతుంది, చేతులు ఎక్కువైపోతాయి, చూడటానికే ఒళ్లు జలదరిస్తుంది. గేములో వేరేచోట రోడ్డు మీద ఒక శవం కూడా ఉంటుంది. ఈ రెండూ కలిపి "రోడ్డు ప్రమాదం" అనే థియరీ పుట్టింది. ఉన్న థియరీల్లో గట్టిది ఇదేనని నేనూ ఒప్పుకుంటాను, ఎందుకంటే దీనికి గేమ్ లోపలే ఒక ఆధారం ఉంది: ఆ ఎఫెక్ట్‌కి ఆ అమ్మాయి ప్రత్యేకంగా స్పందించాలని ఎవరో కూర్చుని పెట్టారు, అది దానంతటదే జరిగేది కాదు. కానీ గేమ్ ఇచ్చింది ఆ సంబంధం వరకే. చనిపోయింది చెల్లెలా, స్నేహితురాలా, తనేనా, అసలు ప్రమాదం జరిగిందా అన్న తీర్పు గేములో ఎక్కడా లేదు. అక్కడి నుంచి వీడియోల్లో చెప్పేదంతా చెప్పేవాళ్ల కథ. కథ బాగుంటే వినండి, నేనూ వింటాను. దాన్ని "అసలు నిజం" అని పక్కవాడి మీద రుద్దడం, అది చాలక కికియామా బతుకులో ఏ ఘోరం జరిగిందో ఊహించి రాయడం మాత్రం నాకు నచ్చదు.

ఇంకో మాట. యుమే 2కి అని అభిమానులు 2007లో మొదలుపెట్టిన గేమ్ ఉంది, ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. దాన్ని చేసింది ఒక్కరు కాదు, ఎంతోమంది ఎవరికి తోచిన లోకం వాళ్లు చేసి అందులో కలిపారు. దానికీ "ఈ జీవులన్నిటి వెనకా ఉన్న ఒకే రహస్యం" అని విశ్లేషణ రాస్తే ఇక నేనేం అనాలి?

సరే, అర్థం కాకపోతే మరి భయపెట్టేది ఏంటి? ఉబోవానే తీసుకుందాం. ఎన్నో వింత చోట్లు దాటుకుని వస్తే ఒక మామూలు ఇల్లు. లోపల పోనికో అనే అమ్మాయి, ఒక మంచం, గోడకి లైటు స్విచ్. ఆ అమ్మాయి మనల్ని పట్టించుకోదు. స్విచ్ కనబడితే నొక్కుతాం, ఎవరైనా అంతే. నొక్కిన ప్రతిసారీ వెనక గేమ్ ఒక అంకె తీస్తుంది. ఉబోవా రావడానికి 64లో ఒక్క వంతు అవకాశం. అది తగలనంతవరకు లైటు వెలుగుతుంది, ఆరుతుంది. తగిలితే పోనికో ఉన్నచోట నలుపు మీద తెల్లటి ముఖం లాంటిది నిలబడుతుంది, అదే ఉబోవా, సంగీతం మారిపోతుంది. దాన్ని తాకితే బయటికి దారిలేని చోటుకి తీసుకెళ్లి పడేస్తుంది. చూడండి, ఇందులో ప్రతీకల నిఘంటువు ఎక్కడుంది? మామూలు ఇల్లు చూపించి మన జాగ్రత్త తగ్గించారు, ఆలోచించకుండా నొక్కే వస్తువు ఒకటి చేతికిచ్చారు, చాలాసార్లు ఏమీ జరగకుండా చేశారు, ఆ తర్వాత జరిగేలా చేశారు. అదీ పనితనం. "ఉబోవా అంటే కోపం" అన్న ఒక్క వాక్యంలో ఇదంతా కొట్టుకుపోతుంది.

తయారు చేసేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. ఆ మధ్య ఒక తమ్ముడు తన గేమ్ చూడమని పంపాడు. గేముకంటే ముందు ఒక పెద్ద డాక్యుమెంట్ వచ్చింది. ఒక్కో జీవికి ఒక్కో పేజీ: పొడవు చేతులు అంటే అపరాధభావం, మూసిన మూడో కన్ను అంటే నాన్న, వీపు మీద తలుపు అంటే చదువు మానేయడం. చదువుతుంటే ఆ అబ్బాయి ఎంత మథనపడ్డాడో తెలుస్తోంది, నవ్వడానికి మనసు రాలేదు. గేమ్ తెరిస్తే రెండు గదులే ఉన్నాయి. పొడవు చేతుల జీవి గది మధ్యలో నిలబడి ఉంది. దగ్గరికెళ్లాను, ఏమీ లేదు. చుట్టూ తిరిగాను, ఏమీ లేదు. ఎంటర్ నొక్కితే "నన్ను క్షమించు" అని డైలాగ్. ఫోన్ చేసి ఒక్కటే అడిగాను: "తమ్ముడూ, నేను వచ్చానని దానికి తెలుసా?" అవతల చప్పుడు లేదు. నెలల తరబడి రాసిన కాగితాల్లో ఆ ఒక్క ప్రశ్నకి జవాబు లేదు మరి.

ఇద్దరం కలిసి డైలాగ్ తీసేశాం. మనం దాని వైపు నడిస్తే నెమ్మదిగా తప్పుకుంటుంది, మనం కదలకుండా నిలబడితే ఒక్కో అడుగూ దగ్గరికి వస్తుంది, అంతే పెట్టాం. దూరం కొలవడానికి రెండు మూడు వేరియబుళ్లు (అంకెలు దాచుకునే డబ్బాలు), వెనక నడిచే ఒక ప్యారలల్ ఈవెంట్. డాక్యుమెంట్ చదవని ఇంకొకరి చేత ఆడించాం. ఆ పిల్ల తలుపు దాకా వెళ్లి, బయటికి పోకుండా ఆగి, "ఇది వస్తుందేమో చూస్తా" అంది. ఎందుకంటే చెప్పలేకపోయింది, జాలిగా ఉందట. అపరాధభావం అనలేదని మావాడికి కొంచెం బాధ. నాకైతే ఆ ఆగడమే చాలు.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. ఆర్‌పీజీ మేకర్ 2003లో, అంటే యుమే నిక్కీ చేసిన ఆ సాఫ్ట్‌వేర్‌లోనే, ఒక్కో పాత్ర బొమ్మ 24×32 పిక్సెళ్లు ఉంటుంది. నాలుగు దిక్కులకీ మూడేసి ఫ్రేములు, మొత్తం 12 బొమ్మలు. నేను ఒక ఆడమనిషి లాంటి జీవికి వీపు వైపు మూడు ఫ్రేములే గీసి, దిశ మారకుండా ఫిక్స్ చేసి పెట్టాను. ఆరోజు ముఖం గీసే ఓపిక లేదు, అంతకుమించి కారణం లేదు. ఇక చూడండి, ఆడినవాళ్లలో ఒకరు అది అలిగిన తల్లి అన్నారు, ఇంకొకరు ముఖం కాలిపోయిన మనిషి అన్నారు. ఒకావిడ మాత్రం పెద్ద మెసేజ్ రాశారు. ఆస్పత్రిలో చివరి రోజుల్లో గోడ వైపే తిరిగి పడుకున్న వాళ్ల అమ్మమ్మ గుర్తొచ్చి గేమ్ ఆపేసి కూర్చున్నారట. ఆవిడకి నేను "అబ్బే, బద్ధకించి ముఖం గీయలేదండీ" అని చెప్పాలా? చెప్పలేదు. అలాగని "అవునండీ, అదే నా ఉద్దేశం" అని కూడా అనలేదు. ఆవిడకి దొరికిన అర్థం నిజమైనదే, కాకపోతే అది ఆవిడ తెచ్చుకున్నది, నేను దాచిపెట్టింది కాదు. థియరీల గురించి నా మాట కూడా ఇదే. మీకు దొరికింది మీరు ఉంచుకోండి, కానీ ఆడకముందే వీడియో చూసి వేరేవాళ్లకి దొరికింది తెచ్చుకోకండి. ఒకసారి "ఇది ఫలానాది" అని విన్నాక ఆ జీవి మీ ముందు ఏం చేసినా మీకు కనబడదు.

ఇక మిగతా అపోహలు, గబగబా. ప్రతి పేరాలో ముందు అపోహ, వెంటనే నా జవాబు.

స్విచ్ 64 సార్లు నొక్కితే ఉబోవా తప్పకుండా వస్తుందట. రాదు. ప్రతి నొక్కుడూ కొత్తదే, ముందు జరిగింది దానికి గుర్తుండదు. 64 సార్లు నొక్కినా నూటికి దాదాపు 36 మందికి కనబడదు, లెక్క వేసుకోండి.

మొదటి నొక్కుకే వచ్చింది, నాకేమైనా కీడా? ఇది అడిగినవాళ్లు నిజంగా భయపడి అడుగుతారు, అందుకే విసుక్కోను. కీడు లేదు, ఏమీ లేదు. 64 మంది స్విచ్ నొక్కితే సగటున ఒకరికి మొదటిసారే వస్తుంది, ఆ ఒకరు ఈసారి మీరయ్యారు.

ఆడాక ఆ జీవులు నిజం కలలోకి వస్తున్నాయి, గేమ్ శాపం తగిలింది. దీనికి కాస్త ఆగుతాను, ఎందుకంటే దీనివల్ల నిద్రమానేసిన పిల్లల్ని చూశాను. గంటలకొద్దీ ఒకేదాన్ని చూస్తే అది నిద్రలోకి జారేటప్పుడు కళ్ల ముందు కదలడం మామూలే. 2000లో హార్వర్డ్‌లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం కొందరి చేత పైనుంచి ముక్కలు పడే టెట్రిస్ గేమ్ ఆడించి, నిద్రపట్టే వేళ లేపి అడిగితే, చాలామంది ముక్కలు పడుతూ కనబడ్డాయన్నారు. జ్ఞాపకశక్తి దెబ్బతిని, తాము గేమ్ ఆడిన సంగతే మర్చిపోయినవాళ్లలో కూడా కొందరికి ఆ ముక్కలు కనబడ్డాయి. ఇటుక ముక్కలకే అలా ఉంటే, భయపెట్టేలా గీసిన ముఖాలు రాకుండా ఉంటాయా? రాత్రి పడుకునే ముందు ఆడకండి, కొన్నాళ్లు ఆపేయండి, తగ్గుతుంది. ఆపినా తగ్గకుండా రోజూ నిద్ర పాడవుతుంటే సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పండి. ఇంటర్నెట్‌లో మాత్రం అర్థం వెతక్కండి.

తోరినింగెన్ పట్టుకుంటే గేమ్ పోయింది, లేదా అది బగ్. రెండూ కావు. ఆ పక్షి మనుషులు దారిలేని చోటుకి పంపడం కావాలని పెట్టిందే. బుగ్గ గిల్లుకుంటే మాడోట్సుకి నిద్రలేస్తుంది, కీబోర్డులో 9. దొరికిన ఎఫెక్టులు ఎక్కడికీ పోవు. కంటి ఎఫెక్ట్ ఉంటే నిద్రలేవకుండానే తలుపుల దగ్గరికి తిరిగి రావచ్చు.

ఈ జీవులన్నీ శత్రువులే, కత్తి తీయాల్సిందే. అసలు వెంటపడేవే తక్కువ. గేములో 24 ఎఫెక్టులుంటే కత్తి వాటిలో ఒకటి. పిల్లి ఎఫెక్ట్ వేసుకుని కూర్చోండి, అవే మీ దగ్గరికి వస్తాయి. సిగ్నల్ లైట్ వేస్తే ఆగిపోతాయి. ఇవి చూడకుండా పొడుచుకుంటూ పోయి "గేములో ఏమీ లేదు" అంటే నేనేం చేయను.

కికియామా 2011 సునామీలో చనిపోయారు. అది వట్టి పుకారు. 2018లో యుమే నిక్కీకి కొత్త రూపంగా వచ్చిన డ్రీమ్ డైరీ అనే గేముని కికియామా పర్యవేక్షణలోనే చేశామని విడుదల చేసినవాళ్లే చెప్పారు. మనిషి బయటికి రాకపోతే చనిపోయినట్టేనా?

బొమ్మలు బాగా వేయడం వస్తేనే ఇలాంటి జీవులు చేయగలం. 24×32 డబ్బాలో మీకు దొరికేది 768 చుక్కలు. అందులో చిత్రకళ చూపించేంత చోటే లేదు. నేను చూసిన మంచి జీవుల్లో సగం నల్లటి ముద్దలే, ఎటు చూస్తున్నాయో తెలిస్తే చాలు.

తయారు చేస్తున్నవాళ్లు ఇకమీదట నాకు డాక్యుమెంట్లు పంపకండి. ప్రాజెక్ట్ ఫోల్డర్ జిప్ చేసి పంపండి, ఒక గది, ఒక జీవి చాలు, పాటలూ ఇంట్రోలూ ఇప్పుడే వద్దు. అది దేనికి గుర్తో మెసేజ్‌లో రాయొద్దు, ఆడాక కావాలంటే నేనే అడుగుతాను.