మడ్‌గార్డు అడుగున మిలటరీ పచ్చ

ఒడిశా జయపురంలో మా బావగారి షెడ్డులో ఒక జోంగా ఉంది, అంటే ఒకప్పుడు సైన్యం వాడిన జీపులాంటి బండి. మొన్న మడ్‌గార్డు గీకుతుంటే తెలుపు కింద నీలం, దాని కింద ఎర్ర ప్రైమరు, అన్నిటికీ అడుగున మిలటరీ పచ్చ బయటపడింది. "ఈ రంగే వేసేద్దాం బావగారూ" అన్నాను. "వేస్తే బండి గేటు దాటదురా" అని నవ్వారు.

నవ్వులాటకన్నది కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఆ ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకే. సైన్యం వేలంలో పాడుకున్నవాడు రంగు మార్చాలి, సైన్యం ఇచ్చిన అసలు సేల్ సర్టిఫికెట్ చూపించి మామూలు నంబరు తెచ్చుకోవాలి. ఆ కాగితం పోతే ఎంత మంచి బండైనా ఇనుమే.

ఈ మిలటరీ బండ్ల పిచ్చి ఇప్పటిది కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం వదిలిన జీపులు, ట్రక్కులు అమ్మకానికొచ్చాయి. మా పెద్దవాళ్లు ఏ మిలటరీ బండినైనా ఇప్పటికీ 'డిస్పోజల్ బండి' అనే అంటారు. 1959లో జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో శక్తిమాన్ ట్రక్కు తయారీ మొదలై 1996 దాకా సాగింది. 1969 నుంచి నిస్సాన్ పాట్రోల్ నమూనాలో జోంగా వచ్చింది. ఆ పేరు జబల్‌పూర్ ఆర్డినెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీకి పొట్టి రూపం. నాలుగు చక్రాలూ లాగే బండి, కోరాపుట్ ఘాటీలకు కుదిరినట్టే ఉంటుంది.

చిక్కల్లా ఇంజనే. ఆరు సిలిండర్లు, దాదాపు 4 లీటర్ల పెట్రోలు ఇంజను. తాగుడు చూస్తే గుండె ఆగుతుంది. స్పేర్లా, దొరకవు. అందుకే చాలామంది దాన్ని తీసేసి డీజిల్ ఇంజను ఎక్కించారు. మావాళ్లకు ఘాటీ దిగితే లారీల ఊరు సాలూరు ఉండనే ఉంది.

2021 జూలైలో కేంద్రం పాతకాలపు బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి, సొంతానికి వాడే రెండు, నాలుగు చక్రాల బండ్లకు 'వీఏ' అక్షరాలున్న నంబరు, ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. రోజూ తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనకో ర్యాలీకో తీయాలి. తొలి జోంగాలు ఇప్పటికే ఆ వయసు దాటాయి. కానీ బండి మొదటి రూపంలోనే ఉండాలట, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదట. మార్చకపోతే ఇన్నేళ్లు ఎలా నడిచేదో రాసినవాళ్లకే తెలియాలి. రంగు సంగతి మరీ విడ్డూరం. మొదటి రూపం కావాలంటారు, మొదటి రంగు మాత్రం వద్దంటారు.

బావగారి బండి 1974 నాటిది, వయసుకు లోటు లేదు. దాని పెట్రోలు ఇంజనును మాత్రం డీజిల్‌ది ఎక్కించిన రోజే సాలూరులో కిలోల లెక్కన తూచి అమ్మేశారు.