మాంటిల్ దీపాలు: వత్తి పెంచే ముందు ఇది చదవండి

పాత కిరసనాయిలు మాంటిల్ దీపాలు బాగుచేయడం నా పని. మాంటిల్ అంటే మంట మీద ఉండి, దాని వేడికి తెల్లగా వెలిగే సన్నటి జాలీ తొడుగు. బల్ల మీదికొచ్చే అలాదిన్ బ్రాండు దీపాల్లో ఎక్కువ వాటిది ఒకటే జబ్బు. మాంటిల్ నల్లబడి ఉంటుంది, చిమ్నీ పగిలి ఉంటుంది.

అపోహ: వత్తి పెంచితే వెలుగు పెరుగుతుంది.

లాంతరుకైతే కొంతవరకు నిజమే. ఇక్కడ వెలిగేది మంట కాదు, మాంటిల్. 1885లో ఆస్ట్రియా రసాయనవేత్త కార్ల్ ఆవర్ పేటెంటు తీసుకున్న తొలి మాంటిల్ వెలుగు ఆకుపచ్చగా ఉండేది, జనానికి నచ్చలేదు. 1891లో థోరియం ఆక్సైడు 99 పాళ్లకు సీరియం ఆక్సైడు ఒక పాలు కలిపాక తెల్లటి వెలుగొచ్చింది. కానీ అది గ్యాసు దీపాల కోసం. కిరసనాయిలు మంట మసి కక్కుతుంది, మసి పట్టిన మాంటిల్ వెలగదు. గుండ్రటి వత్తికి లోపలా బయటా గాలి అందించి మంటను నీలంగా మార్చే బర్నర్లు జర్మనీలో తయారయ్యాయి. వాటిలో ప్రాక్టికస్ అనే బర్నరును అమెరికాలో అమ్మిన విక్టర్ జాన్సన్ 1908లో షికాగోలో మాంటిల్ లాంప్ కంపెనీ పెట్టాడు. మరుసటేడు అలాదిన్ వచ్చింది. ఇంత తంటా మసి రాకుండా చేయడానికే. మనమేమో వత్తి పెంచే మర ఒక్క తిప్పు తిప్పి మొత్తం పాడుచేస్తాం!

వెలిగించిన కొత్తలో బర్నరు వేడెక్కేకొద్దీ మంట దానంతటదే పెరుగుతుంది. అందుకే చిన్నగా వెలిగించి, కాసేపు పక్కనే ఉండాలి. డల్లాస్‌లో ఉన్న మా బంధువులమ్మాయి ఇది తెలియక దీపం వెలిగించి వంటింట్లోకి వెళ్లింది. వచ్చేసరికి సీలింగంతా మసి. "అంకుల్, మాంటిల్ పోయినట్టేనా?" అని ఏడుపు గొంతుతో వీడియో కాల్. పోలేదమ్మా, వత్తి బాగా తగ్గించి అలాగే ఉంచు, నలుపు కాలిపోతుంది అన్నాను. కాసేపటికి తెల్లబడింది.

ఆ పిల్లదే ఇంకో భయం: మాంటిల్‌లో రేడియేషన్ ఉందట, చంటిపిల్ల ఉన్న ఇల్లట. పాత మాంటిళ్లలో రేడియేషన్ వెలువరించే థోరియం ఉన్నమాట నిజమే. గదిలో వెలిగినంత మాత్రాన బెంబేలెత్తక్కర్లేదు. చిట్లిన మాంటిల్ పొడి మాత్రం పీల్చకూడదు. మార్చేది బయట మార్చి, చేతులు కడుక్కోండి. ఇప్పుడు థోరియం బదులు యిట్రియంతో చేసినవీ దొరుకుతున్నాయి. వాట్సాప్‌లో తిరిగే క్యాన్సర్ కథలకు నా దగ్గర ఓపిక లేదు.

ఇంకో ప్రశ్న కూడా అడుగుతుంటారు: పెట్రోమాక్స్ కంటే ముందు, గాలి పంపు కొట్టి వెలిగించే మాంటిల్ దీపాలే లేవా? ఎందుకు లేవు! బెర్లిన్ పెట్రోమాక్స్ 1910 ప్రాంతానిది. ఆర్థర్ కిట్సన్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1901కే లైట్‌హౌస్‌లకు కిరసనాయిలు ఆవిరి బర్నరు తయారుచేశాడు.

ఇక "తాతలనాటిది" అని ఎవరైనా అలాదిన్ అంటగడితే, ట్యాంకు మెరుపు చూసి డబ్బివ్వకండి. మర మీద మోడల్ నంబరు చూడండి. బర్నరు ఒక దీపానిది, ట్యాంకు ఇంకో దీపానిది కావడం కూడా మామూలే.