పాత స్టేషన్‌ని మ్యూజియం చేద్దామనుకునేవాళ్ళకి: అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాల రిపేర్ పనిలో ఉన్నాను కాబట్టి ఎవరో ఒకరు ఫోన్ చేసి "మా ఊళ్ళో పాత స్టేషన్ ఖాళీగా ఉంది సార్, మ్యూజియం చేద్దాం" అంటుంటారు, సంతోషమే, కానీ ఆ వెంటనే వచ్చే మాటలు మాత్రం ఎప్పుడూ ఇవే.

అపోహ: ముందు ఒక ఆవిరి ఇంజన్ తెచ్చి పెట్టాలి.
పిల్లలు ఫోటోలు దిగుతారు, బాగానే ఉంటుంది, కానీ బయట ఎండకీ వానకీ నిలబెడితే దాని తుప్పు వదిలించడానికే మీ డబ్బులన్నీ పోతాయి. శ్రీకాకుళం వైపున్న నౌపడా-పర్లాకిమిడి లైనే తీసుకోండి, పర్లాకిమిడి రాజావారు వేయించిన నేరో గేజ్, అంటే పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఉండే చిన్న లైను, 1900లో మొదలైంది, 2004లో ఆపేసి తర్వాత బ్రాడ్ గేజ్ చేశారు. ఆ చిన్న బండెక్కి తిరిగినవాళ్ళు టెక్కలి వైపు ఇంకా ఉన్నారు. ముందు వాళ్ళ మాటలు రికార్డ్ చేయండి, ఇంజన్ సంగతి తర్వాత.

అపోహ: గోడలు పెచ్చులూడుతున్నాయి, సిమెంట్ ప్లాస్టరింగ్ చేసేస్తే ఇక ఢోకా లేదు.
ఇక్కడే నాకు బీపీ పెరుగుద్ది. అవి సున్నంతో కట్టిన గోడలండీ, నేలలోంచి చెమ్మ లాక్కుంటాయి, మళ్ళీ సున్నం పూతలోంచే వదిలేస్తాయి. పైన సిమెంట్ మెత్తితే చెమ్మకి దారి ఉండదు, లోపలే ఉప్పు పేరుకుని ఇటుక పొడైపోద్ది. ఒకచోట అలా చేసిన గోడని రెండు వానాకాలాల తర్వాత వేలితో తడితే డొల్లగా మోగింది, పెచ్చు లాగితే ఇటుక పైపొర కూడా దాంతోపాటే ఊడొచ్చింది, వెనక అంతా ఎర్రటి పొడి. గానుగ సున్నం (గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నం) పని తెలిసిన మేస్త్రి దొరకడం కష్టమే, ఆరడానికి టైం పడుతుంది, కాంట్రాక్టర్‌కి ఓపిక ఉండదు, అయినా అదే చేయాలి. అన్నట్టు గోడ కంటే ముందు పైకప్పు పెంకులు, నీటి తూములు చూసుకోండి.

అపోహ: ఫండ్స్ వచ్చేదాకా తాళం వేసి ఉంచితే చాలు.
తాళం వేసిన స్టేషన్‌లో ముందు రావిమొక్క మొలుస్తుంది. వాడకంలో ఉంటే మాత్రం కట్టడం నిలబడుద్ది: ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్‌లో లివర్‌పూల్ రోడ్ స్టేషన్ 1830 సెప్టెంబర్ 15న మొదలైంది, 1844లోనే ప్యాసింజర్లు బంద్, కానీ గూడ్స్‌కి 1975 దాకా వాడుతూనే ఉన్నారు, 1983లో మళ్ళీ అదే సెప్టెంబర్ 15న మ్యూజియంగా తెరిచారు. అందుకే ఈలోగా లైబ్రరీకో టీ కొట్టుకో ఇవ్వండి.

అపోహ: పాత సామాను అంతా స్క్రాప్‌కి పోయింది, ఇంకేం దొరుకుద్ది.
ఊళ్ళో అడిగారా? ట్రంకు పెట్టెల్లో అట్ట టికెట్లు ఉంటాయి, 1830లలో ఎడ్మండ్సన్ అనే ఇంగ్లాండ్ స్టేషన్ మాస్టర్ మొదలుపెట్టిన ఆ చిన్న గట్టి ముక్కలే. ఇచ్చినవాళ్ళు ఏ ఊరికి, ఎందుకు వెళ్ళారో అప్పుడే రిజిస్టర్‌లో రాసుకోండి. లామినేషన్ మాత్రం వద్దు. ఒకాయన ప్రేమగా చేయించి ఇచ్చిన టికెట్ నా దగ్గరుంది, మిషన్ గుద్దిన తేదీ అణిగిపోయి ఇప్పుడు ఏ యాంగిల్‌లో పట్టుకున్నా కనపడట్లేదు.