బయటికి కాల్ వెళ్లకపోతే ముందు ఆ మూడంకెలు చూడండి

ఆఫీసు ఫోన్‌కి బయటి నుంచి కాల్స్ బాగానే వస్తుంటాయి, ఎక్స్‌టెన్షన్లూ పనిచేస్తుంటాయి, కానీ బయటికి మాత్రం ఒక్క కాల్ కూడా వెళ్లదు. టెన్షన్‌లో వెంటనే సిస్టమ్ రీస్టార్ట్ చేసేస్తారు చాలామంది. లాగ్ (ప్రతి కాల్‌కి ఏం జరిగిందో సిస్టమ్ రాసుకునే రికార్డు) చూసేదాకా దయచేసి ఆ పని చేయకండి, కాల్ ఎందుకు ఆగిందో చాలాసార్లు అందులోనే రాసి ఉంటుంది.

ఇప్పటి ఆఫీసు ఫోన్లు ఎక్కువగా సిప్ అనే, ఇంటర్నెట్ ద్వారా కాల్స్ కలిపే పద్ధతిలో నడుస్తాయి, దాని ఇప్పటి ప్రధాన ప్రమాణం 2002లో వచ్చింది. నంబరు నొక్కగానే ‘ఇన్వైట్’ అనే సందేశం వెళ్తుంది, జవాబుగా మూడంకెల కోడ్ వస్తుంది. 180 అంటే రింగవుతోంది, 200 అంటే ఎత్తారు. 404 వస్తే ఆ నంబరు దొరకలేదని, 484 వస్తే అంకెలు సరిపోలేదని అర్థం. అప్పుడు డయల్ రూల్స్ చూడాలి, బయటి లైను కోసం నొక్కిన 9 తీసేయకుండా నంబరుతో పాటే వెళ్లిపోతోందేమో, ప్రొవైడర్ (మనకి లైను ఇచ్చే కంపెనీ) దేశం కోడ్ అడుగుతుంటే అది లేకుండా పంపుతున్నామేమో. 403 అంటే అనుమతి లేదని. బ్యాలెన్స్ అయిపోయినా, విదేశీ కాల్స్ ఆపేసి ఉన్నా, మనం చూపించే కాలర్ ఐడీ మన పేరున లేకపోయినా ఇది రావచ్చు.

407 చూసి మాత్రం కంగారు పడొద్దు. అది పాస్‌వర్డ్ అడగడం, అంతే. వివరాలు జోడించి ఇన్వైట్ మళ్లీ వెళ్తుంది. మళ్లీ మళ్లీ 407 వస్తుంటేనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిచూడాలి. కాల్స్ వస్తున్నాయి కాబట్టి అకౌంట్ సరిగ్గా ఉందనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది, ఎందుకంటే వచ్చే కాల్‌కి ఈ తనిఖీ సాధారణంగా ఉండదు.

అసలు జవాబే రాకపోతే ఫైర్‌వాల్‌ని, అంటే నెట్‌వర్క్‌లో రాకపోకల్ని అడ్డుకునే కాపలాని అనుమానించండి. యూడీపీ (చేరిందో లేదో చూసుకోకుండా సందేశాలు పంపే పద్ధతి) మీద ఇన్వైట్ అర సెకను తర్వాత మళ్లీ వెళ్తుంది, తర్వాత ఆ వ్యవధి రెట్టింపవుతూ పోయి మొత్తం 32 సెకన్లకి సిస్టమ్ చేతులెత్తేస్తుంది.

అవతలివాళ్లు ఎత్తి మాట్లాడుతుండగా సరిగ్గా 32 సెకన్లకే కట్ అవుతోందా? అయితే ఎత్తినట్టు వచ్చిన 200కి మనం పంపే ‘యాక్’ (అందిందని చెప్పే సందేశం) అవతలికి చేరడం లేదేమో. రూటర్లో సిప్ ఏఎల్‌జీ (సిప్ సందేశాల్ని మధ్యలో సవరించే సౌకర్యం) ఆన్‌లో ఉంటే అది సందేశాల్లోని చిరునామాలు మార్చేసి ఇలాంటి తిప్పలు తెస్తుంది, ముందు దాన్ని ఆఫ్ చేసి చూడండి.

ఇక ప్రొవైడర్‌తో మాట్లాడేటప్పుడు ‘కాల్స్ పోవట్లేదు’ అని ఊరుకోకుండా, ఏ నంబరుకి, ఎన్ని గంటలకి చేస్తే ఏ కోడ్ వచ్చిందో లాగ్‌లోని కాల్ ఐడీతో (ఆ ఒక్క కాల్‌కి ఉండే గుర్తింపు) సహా ఇవ్వండి.