పక్కన నిలబడండి, చాలు

ప్రియమైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. నేను కుర్చీలోంచి లేవబోతే చాలు, "నువ్వు కూర్చో అమ్మమ్మా, మేం తెస్తాం" అని పరుగెత్తుకొస్తారు. మీ ప్రేమ నాకు తెలుసు. కానీ పడిపోకుండా ఉండటానికి కూర్చోవడం మందు కాదర్రా. ఎందుకో తీరిగ్గా చెబుతాను.

కదలకుండా నిలబడ్డామని మనం అనుకుంటాం గానీ, ఒళ్లు ప్రతిక్షణం కాస్త ఊగుతూ, మళ్లీ సర్దుకుంటూనే ఉంటుంది. ఎటు ఒరుగుతున్నామో మెదడుకి చెప్పేవి మూడు: కళ్లు, లోపలి చెవి, అరికాళ్ల నుంచీ కీళ్ల నుంచీ కండరాల నుంచీ అందే స్పర్శ. గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని చూడండి. మీరు కూడా తూలిపోతారు. ఆ మూడింట్లో ఒకటి తగ్గినందుకే అంత తేడా. వయసు పైబడ్డాక మూడూ మెల్లమెల్లగా మందగిస్తాయి, కాళ్లలో కండ కూడా తగ్గుతుంది. కాలికి ఏదైనా తగిలితే మీ రెండో కాలు చటుక్కున ముందుకు పడి నిలబెడుతుంది. మాకు అదే అడుగు ఒక్క క్షణం ఆలస్యమవుతుంది.

దీనికి తోడు భయం. పడతామేమోనని నడక తగ్గిస్తాం. తగ్గించేసరికి కాళ్లు ఇంకా బలహీనపడతాయి, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మీరు కూర్చోమన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఇదే.

మంచి మాట ఏమిటంటే, బ్యాలెన్స్ ఏ వయసులోనైనా సాధన చేస్తే మెరుగవుతుంది. వ్యాయామం చేసే వృద్ధులు పడిపోవడం సుమారు 23 శాతం తగ్గిందని, ఎన్నో పరిశోధనల్ని కలిపి చూసి 2019లో తేల్చారు. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 3 రోజులు బ్యాలెన్స్‌కీ కండబలానికీ పనికొచ్చే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. "రోజూ నడుస్తున్నావుగా" అంటారేమో. నడక గుండెకి మంచిదే, నేను మానను. కానీ తూలబోయి సర్దుకోవడం అలవాటు కావాలంటే, ఒంటికి కాస్త కష్టమైన నిలబడే తీరులే ఇవ్వాలి.

నేను చేసేది ఇదీ. కదలని బల్ల పక్కన, పట్టు దొరికేలా నిలబడతాను. ముందు పాదాలు రెండూ దగ్గరగా. తర్వాత ఒక పాదం సగం ముందుకి. తర్వాత ఒక కాలి మడమ రెండో కాలి వేళ్లకి తగిలేలా, రెండూ ఒకే గీత మీద. చివరికి ఒంటికాలి మీద. ఒక్కోటీ 10 సెకన్లు. ఒంటికాలి మీద ఉన్నప్పుడు కింద నా పాదాన్ని చూడండి: వేళ్లు నేలని పట్టుకుంటాయి, చీలమండ సన్నగా వణుకుతూ అటూ ఇటూ సర్దుకుంటుంది. ఆ వణుకు చూసి కంగారు పడొద్దు. సాధన జరుగుతున్నది అక్కడే. ఏమీ వణకనంత తేలికైన పనిలో నేర్చుకునేది పెద్దగా ఉండదు. ఆ తర్వాత, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. తొడలకి దానికి మించింది లేదని నా నమ్మకం.

ఇక మీ పని. నేను చేసేటప్పుడు చెయ్యి పట్టుకోవద్దు, పట్టుకునేంత దూరంలో ఉండండి. నడుస్తున్నప్పుడు ఏదో ఒకటి అడగండి, 100 నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమనండి. మాట్లాడాల్సి వస్తే నడక ఆపేసే పెద్దవాళ్లకి పడే ప్రమాదం ఎక్కువట, అందుకే రెండూ కలిపి చేయడం కూడా సాధనే. దారిలో బొమ్మలూ వైర్లూ లేకుండా తీసేయండి. నాకు కళ్లు తిరుగుతున్నాయన్నా, ఉన్నట్టుండి నడక మారినట్టు మీకు కనిపించినా, వ్యాయామం ఆపించి అమ్మకి చెప్పండి. అది డాక్టర్ చూడాల్సిన విషయం, కొన్నిసార్లు వేసుకునే మందుల వల్లే అలా అవుతుంది.

సాయంత్రం హోంవర్క్ అయ్యాక రండి, బల్ల దగ్గరే ఉంటాను.

మీ
అమ్మమ్మ